కుక్కతలవాళ్ళ దేశం నుంచి వచ్చిన గెర్లాక్

మా మఠం వీధిలో గెర్లాక్‌ను అందరూ కోతలరాయుడు అంటారు. ఆ మాట అన్న ప్రతివాడికీ నేను బీరు పోయడం మానేశాను. వాడు కోతలు కోయలేదని కాదు. ఎందుకు కోశాడో నాకు తెలుసు.

గెర్లాక్ బండిచక్రాలు చేసేవాడు. దొరగారి సైన్యం సిలువ యుద్ధం చేయడానికి పవిత్రభూమికి పోతుంటే బళ్ళు బాగుచేయడానికి వెంట వెళ్ళాడు. మఠం బట్టలు ఉతికే హదెవిగ్ ఒక్కగానొక్క కొడుకు విప్రెఖ్ట్ కూడా వాడితోనే బయల్దేరాడు. కొన్నేళ్ళకు గెర్లాక్ ఒక్కడే తిరిగొచ్చాడు, కుంటికాలితో. చక్రం ఎత్తే సత్తువ కూడా పోయింది. అప్పుడు హదెవిగ్ ఊళ్ళో లేదు, చెల్లెలి కూతురి పురిటికి నది అవతలికి వెళ్ళింది. ఆమె కొడుకు కబురు ఆమెకే ముందు చెప్పాలని వాడు ఎవరికీ నోరు విప్పలేదు.

మఠంలో దేశదేశాల వృత్తాంతాలు రాసే ఎగ్బెర్ట్ స్వామి వాడిని పిలిపించాడు. తెల్లరొట్టె, ఉప్పుచేప ముందు పెట్టి, "అక్కడి మనుషులు ఎలా ఉంటారోయ్?" అని అడిగాడట.

"మనలాగే స్వామీ. బేరాలాడతారు, పిల్లల్ని తిడతారు, వానకోసం మొక్కుకుంటారు."

స్వామి కలం పక్కన పెట్టేశాడు. మర్నాడు రొట్టె లేదు, పిలుపూ లేదు. ఆకలి రుచెరగదంటారు, నిజమూ ఎరగదు. వారం తిరక్కుండా గెర్లాకే మఠం తలుపు తట్టి, అక్కడ కుక్కతలవాళ్ళున్నారన్నాడు. ఒంటికాలి మనుషులు వెల్లకిలా పడుకుని ఆ పాదాన్నే గొడుగులా పట్టుకుంటారన్నాడు. దారి తప్పిన పరాయివాళ్ళను కుక్కతలవాళ్ళు కాల్చుకు తింటారని కూడా అన్నాడు. స్వామి కలం ఆగలేదు, వాడి గిన్నె ఖాళీ కాలేదు.

"ఏరా కుంటోడా, ఆ గొడుగు పాదాలకి జోళ్ళు ఎవడు కుట్టేవాడ్రా?" అని నేను ఏడిపిస్తే, "ఊరుకో అక్కా, నాలుగు రోజులు తిననీ," అని నవ్వేవాడు.

పండుగనాడు స్వామి ఆ రాతను చర్చిలో అందరికీ అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాడు. హదెవిగ్ అప్పుడే ఊళ్ళోకి వచ్చి, గెర్లాక్ ఒక్కడే తిరిగొచ్చాడని విని, మూట కూడా దించకుండా నా పక్కన నిలబడింది. కాల్చుకు తినే చోటు వినగానే నేలమీద కూలబడింది.

గెర్లాక్ కుంటుకుంటూ వచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "పెద్దమ్మా, అవన్నీ తిండికోసం అల్లిన మాటలు. విప్రెఖ్ట్ జ్వరంతో పోయాడు, అక్కడి ఒక కుమ్మరి ఇంట్లో. ఆ ఇల్లాలు దగ్గరే కూర్చుని నుదుటిమీద తడిగుడ్డ వేసింది. ఆమె మొగుడూ నేనూ కలిసి గొయ్యి తవ్వాం. నక్కలు ముట్టకుండా ఆయనే రాళ్ళు పేర్చాడు."

ఆమె వాడి తల నిమిరింది. "నా కడుపుకోత చూడలేక చెబుతున్నావు నాయనా. స్వామి రాసింది అబద్ధమవుతుందా?"

అదీ మా ఊరి బుద్ధి. స్వాములు రాసే తోలుమీద సిరా పడిందంటే ఇక అదే వేదం.

ఆ ముక్క కొట్టేయమని గెర్లాక్ మఠానికి వెళ్ళి ఏడ్చాడు. స్వామికి కోపం కూడా రాలేదు, అదే నాకు మంట. "పూర్వుల గ్రంథాల్లోనూ ఇలాగే ఉంది. నువ్వు ముందు చెప్పిందే నిజం. ముసలామె మీద జాలితో ఇప్పుడు అబద్ధమాడుతున్నావు," అన్నాడట. ఆనాటి నుంచి వాడు మఠం తిండి ముట్టలేదు. నా దగ్గర పీపాలు కడిగి బతికాడు.

హదెవిగ్‌కు ఒకటే దిగులు. కడపటి దినాన సమాధులు తెరుచుకుంటే అందరి పిల్లలూ లేస్తారు, నా బిడ్డ ఎక్కణ్ణుంచి లేస్తాడు అని. గెర్లాక్ రోజూ వెళ్ళి కుమ్మరి ఇంటి సంగతి మొదట్నుంచీ చెప్పేవాడు. ఆమె అంతా విని, "చల్లగా ఉండు నాయనా," అనేది. నమ్మేది కాదు.

చలికాలంలో ఆమె మంచం పట్టింది. స్వామి వచ్చి చివరి తైలం పూసి వెళ్ళాక గెర్లాక్ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడైనా దాచకురా. వాణ్ణి చంపాకే కాల్చారా, ప్రాణముండగానేనా?"

వాడు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"చంపాకే పెద్దమ్మా," అన్నాడు గెర్లాక్. "నిద్రలోనే పోయాడు. వాడికేమీ తెలియలేదు."

"అమ్మయ్య," అంది హదెవిగ్. ఆ మాట మాత్రం నమ్మింది.