దుమ్మంటని తెల్లబట్టలు

సౌదీలో ఖోబర్ నుంచి ఖతీఫ్ వెళ్లే బస్సులో నా పక్కనున్న తెలుగతను, మనవాళ్ల శుక్రవారం క్రికెట్ స్కోరు పుస్తకం ముందేసుకుని పరుగులూ వికెట్లూ కూడుతున్నాడు. ఈ సీజన్ కప్పు ఏ ఆటగాడికివ్వాలో తేల్చాలట.

"మా అల్లుడివెన్ని పరుగులు, నాయనా?" అని పేరు చెప్పాను.

అతను పుటలన్నీ తిప్పాడు. "పేరైతే ఉందండి మామ్మగారూ. ఒక్క ఆటకీ రాలేదండి."

"సరిగ్గా చూడు. వారంవారం ఆటకని వేసుకెళ్లే ఆ తెల్లబట్టలు ఉతికేది నేను."

పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. అంకెలు నాకూ వచ్చు. అల్లుడి వరసంతా ఖాళీ. ఇన్నాళ్లూ దుమ్మంటకుండా ఆడతాడని, సబ్బు కలిసొస్తోందని మురిసిపోయాను నేను.

వెనక సీట్లోంచి మా అమ్మాయి, "మా ఆయన ఎన్ని కొట్టారమ్మా?" అంది.

పుస్తకం మూసి అతనికిచ్చేశాను.

ఆ తెల్లబట్టలు మళ్లీ ఉతకలేదు. ఎందుకని అల్లుడూ అడగలేదు.