రెండో జ్వరం పురుగులతో పెనుకొండ దాకా

ధర్మవరం చీర ధర్మవరంలోనే కొనాలని మా ఆవిడ హుకుం. అందుకే హిందూపురంలో ఉన్న మా బావమరిది ఇంట్లో రాత్రి పడుకుని, పొద్దున ఆరున్నరకే బస్టాండు చేరాను. ఎదురు హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇటు వచ్చేవాళ్లకు నా సలహా, బజ్జీ ఒక్కటి చాలు. మాది తెనాలి, కారం మాకొకరు చెప్పాలా అని నేను మూడు లాగించాను. ఆ మంట చల్లారడానికి ఏడుంపావు పెనుకొండ బస్సులో కిటికీ సీటు పట్టాను.

నా పక్కన హనుమక్క అనే ఆవిడ కూర్చుంది. నలభై అయిదేళ్లుంటాయి. వెంట తడిగుడ్డ కప్పిన నాలుగు ట్రేలు. ఫోనులో ఎవరితోనో, "అన్నీ రెండో జ్వరంలో ఉండాయి, ఎండెక్కకముందే ఇల్లు చేరాల" అంటోంది. నేను గబగబా జేబురుమాలు ముక్కుకు కట్టుకున్నాను. ఎంతైనా మనసు ఊరుకోదు కదా, సంచిలోంచి జ్వరం మాత్రలు తీసి ఇచ్చాను.

"చిన్నపిల్లలకైతే సగమే వెయ్యండమ్మా."

బస్సంతా ఒకటే నవ్వు. "ఏం సారూ, పట్టుపురుక్కి మాత్రేస్తావా?" అన్నాడు కండక్టరు, టిక్కెట్లు కొట్టడం ఆపి మరీ.

సంగతేమంటే, పట్టుపురుగు చర్మం విడిచే ముందు తిండి మానేసి, తలెత్తుకుని కదలకుండా పడుంటుంది. దాన్నే ఇక్కడ జ్వరమంటారు, రెండోసారి విడిచేది రెండో జ్వరం. అప్పుడు మేత పెట్టే పని ఉండదు కాబట్టి ఆ అదనులోనే పురుగుల్ని ఊరు దాటిస్తారు. పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని ఒక ట్రే అడిగి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"పోయిన పంట ఎండకే పాయ సారూ," అంది హనుమక్క. "ఎండకి ఆకు ముదురుతాంది. ఆకును పీల్చే నల్లి పెరిగిపాయ. నల్లిని తినే అక్షింతల పురుగు మాత్రం యాడా కనపడదు. మందు కొడదామంటే మా పురుగే సస్తాది. ఈ తడవ పట్టుగూళ్లు రాకుంటే మల్బరీ తోట పీకేసేదే. మా నాయన పెట్టిన తోట."

ఎనిమిది గంటలకు టైరు పంచరైంది. అందరూ దిగారు. ఆవిడ మూడు ట్రేలు మోసుకుపోయి చింతచెట్టు కింద పెట్టింది. దిగితే కిటికీ సీటు ఎవడు కాజేస్తాడోనని నేను ఒళ్లో ట్రేతో అలాగే కూర్చున్నాను.

"దిగు సారూ, ఈడ నీడుండాది!"

"ఇక్కడ గాలి బాగానే ఉందమ్మా!" అన్నాను దర్జాగా. టైరు మార్చేసరికి ముప్పావుగంట పట్టింది. ట్రే మీది గుడ్డ కిటికీలోంచి పడే ఎండకు ఎప్పుడు ఆరిపోయిందో నేను చూసుకోలేదు.

తొమ్మిదింపావుకి పెనుకొండలో దిగాం. హనుమక్క ట్రేలు ఆటోలో సర్దుకుని, ఎండిన గుడ్డను ఒకసారి తడిమి చూసింది. పురుగులు లేచాక ఒక్క మాట చెప్పమని నా నంబరిచ్చాను. అక్కణ్ణించి గంటన్నర బస్సు ప్రయాణం, ధర్మవరం. మగ్గాలున్న వీధిలో రెండు గంటలు బేరమాడి, మా ఆవిడ చెప్పిన రంగు తప్ప మిగతావన్నీ ఉన్న చీర కొన్నాను. మెస్సులో భోజనం బాగుంది, ఫ్యాను తిరగదు. అయిదూ నలభైకి రైలెక్కాను.

ఏడు గంటలకు ఫోను మోగింది.

"మూడు ట్రేలు జ్వరం లేసినాయి సారూ. ఆకు తింటాండాయి. ఒకటి లేయలా."

"ఏ ట్రే అమ్మా?"

"ఏదైతేనేం లే సారూ. మీరు తిన్యారా?"

ఏదో ఒకటి అనాలి కదా, మళ్లీ సలహాకే దిగాను. "తోట మాత్రం పీకొద్దమ్మా. ఎండాకాలం మానేసి, చలికాలంలోనే పురుగులు తెచ్చుకోండి."

"సలికాలమనే తెచ్చుకుంటి సారూ. ఇది మాఘమాసం గదా."