కోటలో నీటి గది

ఇంగ్లీషు చెప్పే టీచర్ని కావడం వల్ల నాకు ఆ ప్రయాణం దొరికింది. కుందుర్పి దగ్గర పల్లెలో మెట్టసేద్యం చేసే ఒక అక్కను, వానలు తక్కువ పడే నేలల గురించి మాట్లాడమని యూరప్‌లో ఒక సభకు పిలిచారు. ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి నేను తోడు వెళ్లాను. సభ అయ్యాక ఒక రోజు ఖాళీ. నిర్వాహకులు మమ్మల్ని రైలెక్కించి, గంట దూరంలో ఉన్న పాత కోటకు పంపారు.

నాకు బురుజెక్కి, కింద నది కనబడేలా ఫోటో దిగాలని ఆశ. అక్క చీర మీద స్వెట్టరు, కాళ్లకు కొత్త బూట్లు వేసుకుని నాకంటే ముందే నడిచింది. రాజుగారి మంచం, కవచాలు చూపిస్తుంటే ఆవులించింది. ముంగిట్లో బావి దగ్గర మాత్రం ఆగిపోయింది. కోట చూపిస్తున్న అమ్మాయి అందులోకి చెంబెడు నీళ్లు వంచింది. చాలాసేపటికి గానీ చప్పుడు వినబడలేదు.

"ఇంత లోతా! శత్రువులు చుట్టుకుంటే ఈ ఒక్క బాయి అందరికీ సాలుతాండెనా? అడుగు టీచరమ్మా," అంది అక్క.

అడిగాను. చాలేది కాదట. కోట పైకప్పుల మీద పడిన వాననీటిని రాతి కాలువల గుండా నేలకింద గదిలోకి మళ్లించేవారట.

"యాడుండాది ఆ గది?"

"అక్కడికి ఎవరినీ పోనివ్వరంట అక్కా. పద, బురుజు మూసేస్తారు."

"నువ్వు పోమ్మా. నేను ఈడే ఉంటా."

గోడ వెంబడి ఉన్న కాలువను చేత్తో తడుముతూ నడవసాగింది. జనం మమ్మల్నే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, లోపలికెళ్లి తాళంచెవి తెచ్చింది.

మెట్లు దిగితే చల్లటి చీకటి. టార్చి వెలుగులో నీళ్లు మెరిశాయి. అక్క వంగి వేళ్లు ముంచింది.

"రాజులు పోయినారు. నీళ్లు ఉండాయి సూడు," అంది. "మా కొండమీదా ఇట్లాంటి దొన ఉండాది, రాతిలో వాననీళ్లు నిలిచేది. నా చిన్నప్పుడే పూడిపాయ. మేమెవురూ మన్ను తియ్యల్యా."

నేను ఇంగ్లీషులో చెప్పింది విని ఆ అమ్మాయి, "ఇదీ పూడిపోయిందే. మా తాతల కాలంలో ఊరివాళ్లే తవ్వి తీశారు," అంది. ఆ మాట తెలుగులో చెప్పగానే అక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేం పైకి వచ్చేసరికి బురుజు మూసేశారు. నేను నది చూడనే లేదు.

ఊరికి తిరిగొచ్చాక, ఆ ఎండాకాలం అక్క పదిమంది ఆడవాళ్లను కూడగట్టి దొనలో పూడిక తీయడానికి కొండెక్కింది. బడికి సెలవులు కదా, నేనూ వెళ్లి మట్టి గంపలు అందించాను. అరిచేతులు బొబ్బలెక్కాయి. మొదటి వానకు మోకాలి లోతు నిలిచిన నీళ్లు రెండో రోజుకే ఇంకిపోయాయి. మర్నాడు పొద్దున్నే అక్క దొనలోకి దిగి, బీటలు వెతికి, సున్నం పూయించింది.

వినాయక చవితి వెళ్లాక కబురొస్తే వెళ్లాను. దొన సగానికి పైగా నిండింది. గట్టు మీద అక్క ఒక గొర్రెల కాపరితో గొడవ పడుతోంది.

"ఏమప్పా, గొర్లను కడిగేదుంటే కిందికి తోలుకపో! ఇవి తాగే నీళ్లు!"

"తాగేకే తోలుకొస్తి గదక్కా," అన్నాడతను.

"అట్లయితే ఒక్కొక్కటే రానీ," అంటూ అక్క పక్కకు జరిగింది.