పద్నాలుగు నిండిన పిల్ల

మొన్న అమలాపురంలో మా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని పైథాన్ నేర్చుకుంటూ, అంకెల జాబితా ఒకటిచ్చి అందులో ఇరవై నుంచి యాభై వరకు ఉన్నవాటిని ఏరి చూపించమని ప్రోగ్రాము రాసింది. వచ్చిన జవాబులో ఇరవయ్యీ లేదు, యాభయ్యీ లేదు. ఆ యంత్రమే రెండంకెలూ మింగేసిందని నాకు గట్టి అనుమానం. "దాని తప్పు కాదమ్మమ్మా, 'చిన్నది' గుర్తు పక్కన సమానం గుర్తు పెట్టడం మర్చిపోయాను" అని నవ్వి దిద్దుకుంది, రెండూ తిరిగొచ్చాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రోజుల్లో ఆడపిల్లల హాస్టల్లో సీటంటే ఎంత మాటో మన తరంవాళ్లకు వేరే చెప్పాలా! రాజోలు దగ్గర అలాంటి ఒక హాస్టల్లో నేను కొత్తగా గుమాస్తాగా చేరాను. పది, పద్నాలుగేళ్ల మధ్య వయసున్న పిల్లల పేర్లు దరఖాస్తుల్లోంచి ఏరి రాయడం నా మొదటి పని. జాబితా గోడకు అంటించిన మూడోనాడు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర్నుంచి రేవు దాటి ఒక పడవవాళ్లావిడ వచ్చి, తడిసిన కుచ్చెళ్లు పిండుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"మా పిల్లకి మార్కులు బాగానే వచ్చేయండి. మరి పేరెందుకు లేదండీ?"

నా అనుమానం నేరుగా వార్డెనమ్మగారి మీదికి పోయింది. జాబితాలో ఆవిడ చుట్టాలమ్మాయి పేరుంది మరి. అప్పట్నుంచి ఆవిడ బీరువా తెరిస్తే తొంగిచూశాను, ఎవరితో మెల్లగా మాట్లాడినా చెవి ఒగ్గాను, ఆప్యాయంగా పంపిన కాఫీని కూడా ఏదో వంక పెట్టి తిప్పి పంపాను. వారం చూసి ఆవిడే దరఖాస్తుల కట్ట నా ముందు పెట్టి, "అనుమానం ఉంటే మీరే చూసుకోండమ్మా, నేనేవీ అనుకోను" అన్నారు.

చూశాను. చుట్టాలమ్మాయికి పన్నెండేళ్లు, న్యాయంగా వచ్చిన సీటే. పదేళ్లవాళ్లిద్దర్నీ, పద్నాలుగేళ్ల ఆ పిల్లనీ కొట్టేసిన పెన్సిలు గీతలు మాత్రం నావి. మధ్య అంటే పదకొండు, పన్నెండు, పదమూడే అనుకున్నాను. ఆ రెండు చివర్లూ లెక్కలోకి వస్తాయా అని ఎవర్నీ అడగలేదు.

వార్డెనమ్మగారు ఆ పూటే పై ఆఫీసుకు వెళ్లి మూడు సీట్లు అడిగి తెచ్చారు. పదేళ్ల పిల్లలిద్దరూ వచ్చి చేరారు. మూడో పిల్ల కోసం నేనే పడవెక్కి వెళితే, అప్పటికే పక్క జిల్లాలో రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపేశారట.

"పేరు లేదన్నారు కదండీ, ఇంకెందుకులే అని పంపేసేవండీ" అంది తల్లి. నన్ను ఒక్క మాట అనలేదు. కబురు మీద కబురు పంపాను. ఆ పిల్ల రాలేదు.

తప్పు నాదేనని వార్డెనమ్మగారి దగ్గర ఒప్పుకున్నాను గాని, అన్నాళ్లూ దొంగను చూసినట్టు చూసినందుకు మన్నించమని మాత్రం ఆవిడ బతికుండగా అడగలేకపోయాను.

ఇప్పుడు జాబితాలన్నీ ఫోన్లోకే వస్తున్నాయి. పని తేలికైంది, మంచిదే. ఎవరినైనా అనుమానిద్దామన్నా ఎదురుగా మనిషి లేడు. పిల్ల పేరు కనబడని తల్లి ఈ రోజుల్లో ఎవరి గుమ్మంలో నిలబడి అడుగుతుందో, నాకు తెలియడం లేదు.