సీసాలో పోసిన గుడ్లు

మా బావకు వీడియోలు చూసి వంటలు నేర్చుకోవడం సరదా. పోయిన ఎండాకాలం ఆయనా నేనూ పాకాల చెరువు దగ్గర ఒక రోజు గుడారం వేసుకుని ఉందామని హనుమకొండ నుంచి బైకు మీద బయలుదేరాం. పొద్దుటి నాష్తా తన పూచీ అన్నాడు. గుడ్లు దారిలో పగులుతాయని, ఇంటి దగ్గరే డజను గుడ్లు కొట్టి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు కలిపి నీళ్ల సీసాలో పోశాడు. ఆ సీసా మధ్యాహ్నమంతా ఎండలో, బైకు సంచిలో ఉంది.

మర్నాడు పొద్దున చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి, సీసా మూత తిప్పాడు. బుస్సుమంటూ పసుపు నురగ ఆయన వేళ్ల మీదుగా కారింది. ఆ కంపుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది బావా, గిట్ల వాసనొస్తాంది? పారబోద్దాం."

"అరె, ఉల్లిగడ్డ వాసనరా అది. జర మసాలా వేస్తే ఏం తెల్వది. ఫికర్ జేయకు."

పెనం మీద అది అట్టులా గట్టిపడలేదు. బూడిదరంగు నీళ్లు వదిలి, తునకలుగా విరిగింది. గీకి నా పళ్లెంలో వేశాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. జిగటగా నాలుకకు అంటుకుంది.

"ఎట్లున్నది?"

అక్క మొగుడు. కాదనలేకపోయాను.

"మస్తుంది బావా."

ఆయన అటు తిరగగానే నోట్లోది ఉమ్మేసి, పళ్లెంలోది పొదలోకి విసిరాను. నా మాట నమ్మి మిగతాదంతా ఆయన తిన్నాడు. ఆ దవడలు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆయన్ని ఆపలేదు.

తిరుగు దారిలో నర్సంపేట చేరకముందే, వెనక కూర్చున్న బావ నా వీపు మీద కక్కాడు. వెచ్చగా చొక్కాలోపలికి దిగింది. బోరు దగ్గర ఆపి ఆయన మూతి కడిగి, నా చొక్కా విప్పి పారేశాను.

దవాఖానలో సెలైన్ ఎక్కిస్తుంటే అక్క వచ్చింది.

"నువ్వు గూడ తిన్నవు గదా, నీకేం గాలేదా?"

"నాది పారేసిన అక్కా."

బావ కళ్లు తెరిచాడు.

"మస్తుందంటివి గదరా" అన్నాడు.

బయటికి పోయి, గోడ పక్కన నిలబడి కడుపులో ఏమీ లేకున్నా కక్కాను. గుడ్ల కంపుకు కాదు. లోపలికి వచ్చేసరికి బావ లేచి కూర్చున్నాడు. తాను తాగుతున్న కొబ్బరిబోండాం నా వైపు చాపాడు.

"నువ్వు గూడ తాగు. మొఖం గుంజుకపోయింది" అన్నాడు.