ఆమె పట్టీ, నా చెయ్యి

మా సెక్షన్‌లో మేం పట్టుకునే దొంగతనం ఒక్కటే, ఒకరి పరీక్ష ఇంకొకరు రాయడం. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. హాల్ టికెట్ మీద ఫొటో ఒకరిది, బెంచీ మీద మొహం ఇంకొకరిది. అలాంటి కేసుల ఫైళ్లన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి. పట్టుబడ్డవాళ్ల సంజాయిషీలు చదివీ చదివీ నాలో జాలి ఎప్పుడో ఇంకిపోయింది. అలాంటి దాన్ని, ఆరు నెలల పాటు ఇంకొకరి నడక నేను నడిచాను.

అమ్మ పోయిన ఏడాది అది. తార్నాకలో మా ఇద్దరిదీ రెండు గదుల వాటా. అమ్మ పోయాక చర్చి వాళ్లు వచ్చారు, పాటలు పాడారు, ప్రార్థన చేసి వెళ్లారు. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాను, తర్వాత చూడటం కూడా మానేశాను. ఆఫీసుకు పోవడం, రావడం, ఒక్కదానికే వండుకుని టీవీ ముందు తినడం. టీవీలో ఏం వచ్చిందని అడిగితే చెప్పలేను.

ఆ రోజుల్లోనే క్యాంపస్‌లో సిబ్బందికి రక్తపరీక్షలు చేశారు. నాకూ, నా పక్క సీటు ఆమెకూ ఒకే మాట చెప్పారు. షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. ఆమె నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది. మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వస్తుంది. ఇంట్లో భర్త, బడికి పోయే ఇద్దరు పిల్లలు, పక్షవాతం వచ్చి మంచం పట్టిన అత్తగారు. సాయంత్రం ఐదు కొట్టగానే ఆమె బ్యాగు భుజాన ఉంటుంది.

గుమ్మం దాకా వచ్చినవాళ్లందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి ఫోన్లలో ఒక యాప్ వేయించారు. చేతికి తలా ఒక నల్ల రబ్బరు పట్టీ ఇచ్చారు. పట్టీ అడుగులు లెక్కపెడుతుంది, ఫోన్ దగ్గరికి రాగానే ఆ లెక్క యాప్‌లో పడుతుంది, ఏ పూట నడిచారో చూపదు, రోజు మొత్తమే. నేర్పడానికి వచ్చినాయన గంటసేపు మాట్లాడి చివర్లో మరీ మరీ చెప్పాడు, ఇంటి పని వ్యాయామం కిందికి రాదనీ, బూట్లు వేసుకుని బయట నడిస్తేనే నడక అనీ. మేమిద్దరం బుద్ధిగా తలూపాం. ఆమె అయితే ఆ మాట డైరీలో రాసుకుంది కూడా. అందుకే ఇంటికి పోగానే పట్టీ విప్పి దేవుడి గూట్లో పెట్టేది. అంట్లు తోముతుంటే తడిసి పాడవుతుందని ఆమె భయం.

ప్రతి సోమవారం ఎవరెన్ని అడుగులు నడిచారో వరసగా రాసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. మనుషులకు ఉత్సాహం రావాలనట. మొదటి వారం జాబితాలో అట్టడుగున ఆమె పేరుంది. సూపరింటెండెంట్ గారు దాని కింద తాబేలు బొమ్మ పెట్టారు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత బాత్రూముకు వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి, చేతి పట్టీ విప్పి నా టేబుల్ మీద పెట్టింది.

"అక్కా, నువ్వు సాయంత్రం ఖాళీనే గద. నాది గూడ పెట్టుకోని తిరుగు. క్లాసుల పోరగాళ్లు ప్రాక్సీ ఏస్తలేరా, గట్లనే."

నాకు కోపం రావాలి. అందులోనూ నేను మాట పడని మనిషిని, చిన్న తప్పుకు పెద్ద నోరు చేసుకునే రకం. కానీ ఆ ఏడాది కోపం కూడా వచ్చేది కాదు. వద్దు అనాలంటే కారణం వెతకాలి, చెయ్యి చాపితే ఏమీ వెతకక్కర్లేదు. చెయ్యి చాపాను.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆమె పట్టీ నా ఎడమ చేతికి, నాది కుడి చేతికి. క్యాంపస్‌లోని పాత రాతి భవనం ముందు రోడ్డు, హాస్టళ్ల వెనక దారి, అక్కణ్నుంచి మళ్లీ తార్నాక గేటు. చెట్ల కింద పిల్లలు ఉద్యోగాల పరీక్షలకు గుంపులుగా కూర్చుని చదువుకుంటుంటారు. నా రెండు చేతులూ చూసి ఒకరిద్దరు నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. పొద్దున పదింటికి పట్టీ ఆమెకు తిరిగి ఇస్తే, నా అడుగులు వెళ్లి ఆమె ఫోన్లో పడేవి. వెంటనే యాప్ నుంచి సందేశం వచ్చేది, శభాష్, మీ గుండె మీకు కృతజ్ఞతలు చెబుతోంది అని. ఎవరి గుండె ఎవరికి చెబుతోందో దానికేం తెలుసు పాపం.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. నా ఒక్కదాని కోసమే అయితే వారానికే మానేసేదాన్ని. బద్ధకంగా ఉన్న రోజు, వాన పడ్డ రోజు, నాది పోతే పోనీ, ఆమె మళ్లీ తాబేలు అవుతుందే అనుకుని చెప్పులేసుకునేదాన్ని. ఆ ఏడాది మొత్తంలో నాకు కాస్త పట్టింపు అంటూ ఉన్నది దాని మీదే. ఆమెకు సాయం చేస్తున్నానని నా నమ్మకం.

నాలుగో నెలకు ఆమె జవాబు పత్రాల కట్టల మీద తల పెట్టి నిద్రపోవడం మొదలుపెట్టింది. అరికాళ్లు మంటలనేది. డాక్టరుకు చూపించుకోమంటే, ఇంట్లో చెప్పిందట. భర్త ఆమె ఫోన్ తీసి యాప్ చూశాడట. రోజూ క్యాంపస్‌లో గంట గంట షికారు చేసి వస్తున్నావు, నీకేం రోగం అన్నాడట. అత్తగారి రాత్రి పని కూడా అప్పటి నుంచి ఆమెకే వదిలేశాడు. ఇదంతా ఆమె మామూలుగానే చెప్పింది, నేనూ మామూలుగానే విన్నాను. ఆ రోజే పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాల్సింది. పెట్టలేదు. సాయంత్రం మళ్లీ రెండూ కట్టుకుని బయల్దేరాను.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేశారు. నాది మామూలుకు దిగింది. ఆమెది గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. అంతకు ముందు రోజే బస్టాపులో ఆమెకు కళ్లు తిరగడంతో భర్త కూడా వెంట వచ్చాడు. నేను తోడు వెళ్లాను. చిన్న వయసు డాక్టరమ్మ ఆమె ఫోన్లోని అడుగుల గీతలన్నీ శ్రద్ధగా చూసింది. ఇంత నడిచినా పెరిగిందంటే లోపం నడకది కాదు, ఒంటిదే అనీ, మాత్రలు గట్టివే మొదలుపెట్టాలనీ అంది. భర్త నా వైపు తిరిగి, బాగా నడుస్తది మేడం, ఇంట్లనే కూసుంటే లేవదు అన్నాడు. ఆమె నేల చూస్తూ ఉంది. చీటీ మీద డాక్టరమ్మ కలం కదలడం చూశాను.

"ఆ అడుగులు ఆమెవి కావండి," అన్నాను. "నావి. ఆమె పట్టీ నేను కట్టుకుని నడిచాను."

కలం ఆగింది. మా ఆఫీసులో పట్టుబడ్డవాడిని ఎవరి బదులు రాశావని అడుగుతాం. అసలువాడు ఎందుకు రాలేకపోయాడని ఇరవై ఆరేళ్లలో నేను ఒక్క ఫైల్లోనూ అడగలేదు. డాక్టరమ్మ అడిగింది. మరి మీరెందుకు నడవలేదమ్మా అని ఆమెనే అడిగింది.

"నడిచిన మేడం," అంది ఆమె. "పొద్దుగాల నాలుగింటికి లేస్తే పండుకునే దాక నడుస్తనే ఉంట. పొయ్యి కాడికి, పంపు కాడికి, అత్తమ్మ మంచం కాడికి. ఇంటి పని నడక కాదన్నరు గద. గందుకే ఇప్పి పెడుతుంటి, అక్కకు ఇస్తుంటి."

భర్త గోడ మీది క్యాలెండర్ చూశాడు. తర్వాత డాక్టరమ్మ నిద్ర ఎంతసేపు, రాత్రి అన్నం ఎన్నింటికి, అందరూ తిన్నాక మిగిలిందే తింటారా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. మొదట రాసిన చీటీ చింపేసింది. మాత్ర మాత్రం తప్పలేదు. ముందు నిద్ర, వేళకు తిండి, అవి ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి అని భర్తకు చెప్పింది. ఆయన తల ఊపాడు. అంతకు మించి ఏం అర్థమైందో నాకు తెలియదు.

పట్టీ ఆమెకు తిరిగి ఇచ్చేశాను. ఆ శనివారం, ఆదివారం ఆమె దాన్ని విప్పలేదు. అంట్ల దగ్గరా, బట్టల దగ్గరా కట్టుకునే ఉంది. తడిసినా పాడవలేదు. సోమవారం జాబితాలో ఆమె అందరికంటే పైన ఉంది, నేను ఆరు నెలలుగా ఆమెకు ఎప్పుడూ సంపాదించి పెట్టనంత పైన. సూపరింటెండెంట్ గారు చప్పట్ల బొమ్మ పెట్టారు. ఆయనకు ఏం తేడా తెలుస్తుంది.

ఇంట్లో చూపించావా అని అడిగాను.

"సూపించిన. ఏమన్లే. ఫోన్ తిరిగి ఇచ్చిండు," అని ఆమె కట్ట విప్పి నంబర్లు వేసుకోవడం మొదలుపెట్టింది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. అడిగే లోపల ఆమె, నా టిఫిన్ డబ్బాలోంచి సగం ఇడ్లీ తీసుకుని, వేళకు తినమన్నది గద డాక్టరమ్మ అంది.

ఆ సాయంత్రం ఒక్క పట్టీతో నడవడానికి వెళ్లాను. ఎడమ మణికట్టు మీద పట్టీ ఉన్న మేర తెల్లగా మిగిలింది. హాస్టళ్ల వెనక దారిలో, ఏ కారణమూ లేకుండా అమ్మ మంచాన ఉన్న చివరి నాలుగేళ్లు గుర్తొచ్చాయి. మంచం నుంచి బాత్రూముకు, బాత్రూము నుంచి మంచానికి, వంటింటికి, మందుల డబ్బాకు, మళ్లీ మంచానికి. ఆఫీసుకు పోయే ముందూ వచ్చాకా ఎంత తిరిగానో. ఆ తిరుగుడును నేను కూడా ఎన్నడూ నడక అనుకోలేదు. అమ్మ అనుకుందేమో, ఎప్పుడూ కాళ్లు నొప్పులా తల్లీ అని నన్ను అడిగేది. విసుక్కునేదాన్ని.

దారి పక్క గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. చీకటి పడేదాకా లేవలేదు. ఆ రోజు నా అడుగులు బాగా తక్కువ పడ్డాయి.