ఎదురెదురు కుర్చీలు

ఎవరైనా ట్రైనింగ్ అన్నారంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. జమ్మలమడుగులో కల్యాణ మండపం తీసుకుని మాకు మొదటిసారి శిక్షణ పెట్టినప్పుడు ముందు వరసలో కూర్చుని నోరు తెరుచుకుని విన్నదాన్ని నేనే. చెప్పింది అక్క కాబట్టి విన్నాను. ఇంకెవరు చెప్పినా మధ్యలో లేచి బయటికి పోయేదాన్ని.

అక్క అంటే తోడబుట్టింది కాదు. వయసు పెరిగినా బుద్ధి పసిగానే ఉండిపోయిన ఆడపిల్లల కోసం ప్రొద్దుటూరులో ఒక కేంద్రం ఉంది. పొద్దున వచ్చి సాయంత్రం ఇళ్ళకు పోతారు. దాన్ని నడిపేది ఆమె. సొంతూరు పులివెందుల. నా భర్త పోయాక నేను గోడ చూస్తూ కూర్చున్న రోజుల్లో మా ఇంటికొచ్చి, "మిషను తుప్పు పడతాంది, నువ్వూ తుప్పు పడతాండావు. లెయ్, మా పిల్లలకు కుట్టు నేర్పుదువు" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నన్ను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది ఆమే. ఆమె మాట నాకు వేదం, ఆమె కోపం కూడా ముద్దే.

ఆ రోజు మండపంలో అక్క ఒక ఆట ఆడించింది. తను చెంగు తల మీద కప్పుకుని భయపడిన పిల్లగా మారింది, నన్ను వినే మనిషిగా నిలబెట్టింది. "ఎవురికీ చెప్పాకు" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను అక్క అప్పుడే నేర్పిన మాట అప్పజెప్పాను. చెప్పనని మాట ఇవ్వలేను, చెప్పాల్సిన వాళ్ళకు మాత్రమే చెప్తాను అని. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత రెండు కుర్చీలు తెచ్చి ఎదురెదురుగా వేసింది. గొడవ వస్తే మన వైపు ఏం చేస్తారని అడిగింది. అదేం ప్రశ్న అన్నట్టు అందరం ఒకేసారి చెప్పాం. ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. గట్టు తగాదా అయినా, తలకాయలు పగిలిన తగాదా అయినా మాకు తెలిసిన దారి అదే. పెద్దమనుషులు మధ్యలో కూర్చుంటారు, ఒకరి చేత తప్పయిందనిపిస్తారు, ఆ చేత్తోనే అవతలి మనిషికి టీ ఇప్పిస్తారు. టీ తాగితే రాజీ అయిపోయినట్టే. ఇక ఆ మాట ఎత్తకూడదు.

అక్క ఒక కుర్చీని కాలితో తోసేసింది. అది వెల్లకిలా పడింది. "బలం లేనోళ్ళ కాడ ఇది పనికి రాదు" అంది. "కొట్టినోని ముందర కూర్చోబెడితే దెబ్బలు తిన్న బిడ్డ ఏం చెప్తాది? చెప్పిండేది గూడా మింగేస్తాది." ఆ కుర్చీ పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంత బాగా చెప్పే మనిషి నా మనిషి అని ఆ రోజు పొంగిపోయాను.

మా కేంద్రంలో ఒక పిల్ల ఉండేది. ఇరవై దాటిన వయసు, నవ్వితే బడికి పోయే పిల్లే అనిపిస్తుంది. తండ్రి కువైట్‌లో పని చేస్తాడు, తల్లి ఇంట్లో మగ్గం వర్క్ చేస్తుంది. ఆ పిల్లకు కుట్టు అబ్బలేదు. ఎన్నిసార్లు చూపించినా గుండీని గుడ్డకు బదులు తన చున్నీకే కుట్టుకునేది, నేను తిడితే పకపకా నవ్వేది. కానీ టీ ఇచ్చే పని మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. గాజు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, చుక్క తొణకకుండా తెచ్చి మన ముందు నిలబడేది. మనం అందుకునేటప్పుడు పెద్దరికంగా, "వేడి, చూసుకో" అనేది. అధికారులు వచ్చినా అదే మాట, సాటి పిల్లలకైనా అదే మాట. ఆ ఒక్క పని కోసమే పొద్దున్నే తయారై వ్యాను కోసం వాకిట్లో నిలబడేదని వాళ్ళమ్మ చెప్పేది.

ఒకరోజు జాకెట్టు కొలత తీస్తుంటే చెయ్యి పైకెత్తమన్నాను. ఎత్తలేదు. భుజం కింద గిల్లితే నల్లగా కమిలిన మచ్చలు ఉన్నాయి, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. నేను ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాను, అక్క నేర్పినట్టే. చాలాసేపటికి తనే చెప్పింది.

"వ్యాను అన్న గిచ్చుతాడు. ఏడిస్తే పెన్నా ఏటి కాడ దించేసి పోతానంటాడు."

ఒక్క అక్కకు చెప్తానన్నాను. అక్క తిట్టదా అని అడిగింది. తిట్టదమ్మా, అక్క మంచిది అన్నాను. ఆ పిల్ల ఒప్పుకుని మళ్ళీ గుండీలు ఏరుకోవడానికి పోయింది.

మధ్యాహ్నం అక్కకు చెప్పాను. ఆమె అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఇక నువ్వు దిగులు పడాకు, నేను చూసుకుంటానంది. వ్యాను నడిపేవాడు, మాకు కేంద్రం నడుపుకోమని ఇల్లు ఇచ్చిన బట్టల షావుకారికి మేనల్లుడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. అక్క ముందు అది లెక్కలోకి వస్తుందని నా బుర్రకు తట్టలేదు. ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాను.

మర్నాడు నేను పోయేసరికి ఆఫీసు గదిలో కుర్చీలు వేసి ఉన్నాయి. ఎదురెదురుగా. ఒకదాంట్లో వ్యాను వాడు, ఒకదాంట్లో ఆ పిల్ల. మధ్యలో షావుకారు, పక్కన అక్క. పిల్ల తల్లి లోపలికి రాలేక, బయటికి పోలేక తలుపు దగ్గర నిలబడి ఉంది.

షావుకారు మర్యాద తెలిసిన మనిషి. గొంతు పెంచకుండానే మాట్లాడాడు. వ్యాను ఎక్కించేటప్పుడు మావాడు రొంత గట్టిగా పట్టుకున్నాడేమో, ఇంటి మనుషుల మధ్య దీనికింత పంచాయితీ ఏందన్నాడు. అక్క ఆ పిల్ల వైపు తిరిగింది. "చెప్పు బంగారూ, ఈ అన్న నిన్ను ఏమన్నా చేసినాడా?"

ఆ పిల్ల వాడిని చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత నేల చూసింది.

"ల్యా, ఏం చేయల్యా" అంది.

నేను ఆగలేకపోయాను. జమ్మలమడుగులో కుర్చీ తన్నింది నువ్వే కదా అక్కా అన్నాను. ఆమె నా వైపు తిరగను కూడా తిరగలేదు. "ఆడ చెప్పేది వేరే, ఈడ బతికేది వేరే. ఈ ఇల్లు పోతే ఇంతమంది పిల్లోళ్ళను నీ ఇంట్లో పెట్టుకుంటావా? ఊరకుండు" అంది.

అప్పుడు టీ తెప్పించారు. తప్పయిందని చెప్పి అన్నకు టీ ఇయ్యి, అయిపోతాదని అక్కే ఆ పిల్లకు చెప్పింది. ఆ పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. ఎప్పుడూ చుక్క తొణకనివ్వని పిల్ల. టీ వేళ్ళ మీద ఒలికింది. వేడి, చూసుకో అనలేదు. తప్పయింది అంది. వాడు అందుకుని తాగాడు. తాగి, టీ బాగుండాది అన్నాడు.

గిచ్చినవాణ్ణి చూసి నాకు ఆశ్చర్యం లేదు, అలాంటి వాళ్ళు ఉంటారనే కదా శిక్షణలు. నాకు మింగుడుపడనిది అక్క చేసిన పని. చేయకూడనిది ఏదో తెలియక చేసింది కాదు. మాకు నేర్పిందే వరస తప్పకుండా తిరగేసి చేసింది. ఆ పిల్ల నోటి నుంచి మాట రావడానికి నన్ను వాడుకుంది, ఆ మాటను మళ్ళీ నోట్లోకి నెట్టడానికి ఆ పిల్లకు ప్రాణమైన పనిని వాడుకుంది.

తర్వాతి రోజు నుంచి ఆ పిల్ల రాలేదు. వ్యాను హారన్ వినిపిస్తే మంచం కిందికి దూరుతోందని వాళ్ళమ్మ ఫోన్‌లో చెప్పింది. అక్కకు చెప్తే నాలుగు రోజులు పోతే అదే వస్తాదిలే అంది.

కొన్నాళ్ళకు పులివెందులలో కొత్తగా చేరినవాళ్ళకు ట్రైనింగ్ పెట్టారు. నేనూ పోయాను. ఎందుకు పోయానంటే, నలుగురి ముందు నిలబడి ఆ మాటలు మళ్ళీ చెప్పాల్సి వస్తే సిగ్గుతోనైనా అక్క గొంతు తడబడుతుందేమో చూద్దామని. తడబడలేదు. పైగా మా పిల్ల సంగతే పేరు లేకుండా చెప్పుకుంది. బిడ్డకు చెడ్డపేరు రాకుండా, మాట గడప దాటకుండా ఎట్లా సర్దుకున్నామో వివరించింది. చుట్టూ అందరూ తలలూపుతున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే ఊపాను.

తర్వాత ఆట కోసం ఎప్పటిలాగే నన్ను పిలిచింది. చెంగు తల మీద కప్పుకుని నా చెయ్యి పట్టుకుంది. ఎవురికీ చెప్పాకు అంది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ మధ్యాహ్నం అద్దాలు తీసి తుడుచుకున్న నీళ్ళు కూడా ఇవేనని అప్పుడు తెలిసింది.

"చెప్పనులే" అన్నాను. "చెప్తే నిన్ను వాని ముందర కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు."

అక్క చెంగు దించుకుని, నాకు ఒంట్లో బాగాలేదని వాళ్ళకు చెప్పింది. నేను బ్యాగు తీసుకుని అటునుంచి అటే కడప బస్సెక్కాను. అక్కడ ఇలాంటి కేంద్రాల మీద అధికారిగా ఉన్న ఒకావిడకు మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె పిల్ల తల్లితో ఎవరూ లేకుండా విడిగా మాట్లాడింది. వాడిని వ్యాను మీది నుంచి తీసేశారు, విచారణ నడుస్తోంది. చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చినందుకు బాగా బుద్ధి చెప్పినావని అక్క ఇంకొకరితో చెప్పి పంపింది. రాత్రింబవళ్ళు ఏడుస్తాననుకుని ఉంటుంది. ఏడ్చాను కూడా, కాదనను.

వాడు ఇక రాడని, వ్యానులో ఒక ఆయమ్మ తోడుంటుందని ఆ పిల్లకు నేనే చెప్పాలని వాళ్ళింటికి పోయాను. తల్లి మగ్గం ముందు నుంచి లేచి నన్ను కూర్చోమంది. ఆమె ముఖంలో కొంచెం తెరిపి కనిపించింది. పాపను పిలిస్తే తెర వెనకనుంచి రాలేదు. టీ అన్నా ఇయ్యిపో కుట్టు అక్కకు అని తల్లి బతిమాలింది.

చాలాసేపటికి తెర కదిలింది. ఆ పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. చుక్క తొణకలేదు. నా ప్రాణం లేచి వచ్చింది. వేడి, చూసుకో అంటుందని ఆ ముఖం వైపే చూస్తూ ఉన్నాను.

నేల చూస్తూ, "తప్పయింది" అంది.

నీ తప్పేం లేదమ్మా అన్నాను. వాడు ఇంక రాడన్నాను. వినిపించుకోలేదు. గ్లాసు చాపి అలాగే నిలబడింది. పొగలు వస్తున్నాయి. నేను అందుకుంటే ఆ పిల్ల లెక్కలో రాజీ అయిపోయినట్టే. అందుకోకపోతే వదిలేలా లేదు, వేళ్ళు ఎర్రబడుతున్నాయి.

అందుకున్నాను.